చలికాలంలో ఇంటి లైట్లు: ముందు ఏవి మార్చాలి, ఎక్కడ వెలుతురు తగ్గించకూడదు

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇది. తిరుపతి బైరాగిపట్టెడలో సొంత ఇల్లు, ఇరవై ఏళ్ల కిందటి వైరింగ్. నాలుగు చోక్ ట్యూబ్‌లైట్లు, రెండు జీరో బల్బులు, గేటు దగ్గర 60 వాట్ల మామూలు బల్బు ఉన్నాయి. ఇంట్లో వయసు మీదపడిన అత్తగారు, పదో తరగతి చదివే అబ్బాయి ఉన్నారు. కార్తీకం వచ్చిందంటే సాయంత్రం ఐదున్నరకే లైట్లు వేయాల్సి వస్తోంది, ధనుర్మాసంలో తెల్లవారుజామున కూడా వెలగాలి. షాపులో అయితే అన్నీ పీకేసి సీలింగ్ ప్యానెల్ లైట్లు పెట్టించుకోమన్నారు. ఏం చేయాలి, ఎంత మిగులుతుంది, తెల్ల లైటు మంచిదా పసుపు లైటు మంచిదా అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తాను. ప్యానెళ్లు వద్దు. ట్యూబ్‌లైట్లు నాలుగూ తీసి 20 వాట్ల ఎల్ఈడీ బ్యాటన్లు (ట్యూబ్‌లైటు ఆకారంలోనే పట్టీతో సహా వచ్చే ఎల్ఈడీ లైట్లు), జీరో బల్బుల చోట అర వాటు నైట్ ల్యాంపులు, గేటుకు 9 వాట్ల ఎల్ఈడీ బల్బు పెట్టండి. మొత్తం ఖర్చు పన్నెండు వందల చుట్టూ అవుతుంది. నెలకు సుమారు 36 యూనిట్లు తగ్గుతాయి. మెట్ల దగ్గర, బాత్రూం దారిలో మాత్రం ఇప్పుడున్న దానికంటే వెలుతురు పెంచండి. అక్కడ పొదుపు చేయకండి. ఎందుకో కింద చెబుతాను.

నేను తిరుపతిలో 24 ఏళ్లుగా ఇళ్ల వైరింగ్ పని చేస్తున్నాను. కొర్లగుంట, తిరుచానూరు, చంద్రగిరి వైపు పాత ఇళ్లే ఎక్కువగా చూస్తాను. మీది లాంటి ఇల్లు నాకు బాగా తెలిసిన ఇల్లు.

36 యూనిట్లు ఎలా వచ్చాయంటే

ట్యూబ్‌లైటు మీద 40 వాట్లు అని రాసి ఉంటుంది. అది ట్యూబు ఒక్కదానిదే. పట్టీలో ఉన్న పాత రాగి చోక్ వేడెక్కడానికి ఇంకో పన్నెండు వాట్ల దాకా లాగుతుంది. రాత్రి లైటు ఆపిన వెంటనే పట్టీ మీద చెయ్యి పెట్టి చూడండి, చోక్ ఉన్నచోట కాలుతుంది. ఆ వేడికి కూడా మీరే డబ్బు కడుతున్నారు. అంటే ఒక్కో ట్యూబ్‌లైటు 52 వాట్లు అనుకోండి.

చలికాలంలో హాల్లో రోజుకు ఆరు గంటలు, వంటగదిలో నాలుగు, అబ్బాయి గదిలో ఐదు, అత్తగారి గదిలో మూడు గంటలు వెలుగుతాయనుకుంటే మొత్తం 18 గంటలు. నెలకు 28 యూనిట్లు. అవే గంటలు 20 వాట్ల బ్యాటన్లు వెలిగితే 11 యూనిట్ల లోపే. ఇక్కడ 17 యూనిట్లు మిగిలాయి.

గేటు బల్బు సాయంత్రం ఐదున్నర నుంచి పది దాకా, మళ్లీ పొద్దున నాలుగున్నర నుంచి ఆరున్నర దాకా వేస్తారు కదా. రోజుకు ఆరున్నర గంటలు. 60 వాట్లకు నెలకు దాదాపు 12 యూనిట్లు. 9 వాట్ల ఎల్ఈడీ అయితే రెండు యూనిట్లు కూడా కాదు. మరో 10 యూనిట్లు మిగిలాయి.

ఇక జీరో బల్బు. దీని గురించి కాస్త ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే నేను వెళ్లిన ప్రతి రెండో ఇంట్లో 'అది జీరోనే కదా, దానికేం కరెంటు కాలుతుంది' అంటారు. ఆ పేరు పాత చక్రం మీటర్ల కాలంలో వచ్చింది. అంత చిన్న లోడుకు ఆ చక్రం సరిగా కదిలేది కాదు కాబట్టి జీరో అన్నారు. నిజానికి లోపల ఉన్నది చిన్న ఫిలమెంటు, అది 12 నుంచి 15 వాట్లు తీసుకుంటుంది. ఇప్పటి డిజిటల్ మీటరు దాన్ని వదలదు. రాత్రంతా పది గంటల చొప్పున రెండు బల్బులు వెలిగితే నెలకు 9 యూనిట్లు. పడకగదిలో మసక వెలుతురు కోసం ఇంత కడుతున్నామని చాలామందికి తెలియదు. వాటి చోట అర వాటు ఎల్ఈడీలు రెండు పెడితే నెలకు అర యూనిట్ కూడా కాదు. ధర ఒక్కోటి యాభై రూపాయల లోపే. మీ మొత్తం జాబితాలో పెట్టిన రూపాయికి అన్నిటికంటే త్వరగా తిరిగొచ్చేది ఇదే.

ఇవన్నీ కలిపితే లైట్లకు నెలకు 49 యూనిట్లు పోయే ఇల్లు 13 యూనిట్లకు వస్తుంది.

రూపాయల్లో ఎంత అనేది మీ శ్లాబును బట్టి ఉంటుంది. మన రాష్ట్రంలో 2022 ఏప్రిల్ నుంచి అమల్లోకి వచ్చిన శ్లాబుల ప్రకారం ఇళ్లకు 76 నుంచి 125 యూనిట్ల దాకా యూనిట్‌కు 4.50 రూపాయలు, 126 నుంచి 225 దాకా 6 రూపాయలు, 226 నుంచి 400 దాకా 8.75 రూపాయలు. మీ చేతిలో ఉన్న తాజా బిల్లు వెనుక ముందు చూసి ఈ రేట్లు సరిపోల్చుకోండి. తగ్గే యూనిట్లు ఎప్పుడూ పై శ్లాబు నుంచే తగ్గుతాయి. నెలకు 190 యూనిట్లు కాల్చే ఇల్లు 154కు వస్తే 216 రూపాయలు మిగులుతాయి. 240 కాల్చే ఇల్లు 204కు వస్తే, అందులో 15 యూనిట్లు 8.75 రేటు మీద తగ్గుతాయి కాబట్టి 257 రూపాయలు మిగులుతాయి. సర్దుబాటు చార్జీలు, సుంకం నేను లెక్కలోకి తీసుకోలేదు. ఇదే వాడకం లెక్కన పన్నెండు వందల ఖర్చు ఐదారు నెలల్లో తిరిగొస్తుంది.

నా మాట నమ్మక్కర్లేదు, మీరే చూసుకోవచ్చు. మీటరు మీద ఒక చిన్న ఎర్ర లైటు మిణుకుతూ ఉంటుంది. దాని పక్కన ఒక యూనిట్‌కు ఎన్నిసార్లు మిణుకుతుందో రాసి ఉంటుంది. అది 3200 అనుకోండి. ఫ్రిజ్, టీవీ, సెట్‌టాప్ బాక్స్, రూటర్, ఫోన్ చార్జర్లు అన్నీ ప్లగ్గులు తీసి, ఒక్క హాలు ట్యూబ్‌లైటు వేసి గడియారం పట్టుకోండి. 22 సెకన్లకు ఒకసారి మిణుకుతుంది. బ్యాటన్ పెట్టాక దాదాపు 56 సెకన్లకు ఒకసారి. జీరో బల్బు ఒక్కటే వేసినా 75 సెకన్లకు ఒకసారి మిణుకుతుంది. నేను ఇంటివాళ్లకు ఇది చూపించాక ఇక వాదన ఉండదు. అన్నీ ఆపేసినా గబగబా మిణుకుతుంటే మాత్రం వైరింగ్‌లో లీకేజీ ఉందని అర్థం, వెంటనే ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

చలికాలమే ఎందుకు తేడా

మనది ఢిల్లీలా పొద్దు బాగా కుంచించుకుపోయే ఊరు కాదు. అయినా జూన్‌లో ఆరూ నలభైకి దిగే సూర్యుడు నవంబరు చివర్లో ఐదూ నలభైకే దిగిపోతాడు. జనవరి రెండో సగంలో పొద్దున కూడా ఆరూ నలభై దాకా పైకి రాడు. దానికి తోడు మనకు అసలు వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకానే. మబ్బు పట్టిన రోజున నాలుగింటికే వంటగదిలో లైటు వేయాల్సి వస్తుంది. ఇక ధనుర్మాసం. కొండ మీద సుప్రభాతం బదులు తిరుప్పావై వినిపించే ఆ నెల రోజులూ కింద మన వీధుల్లో నాలుగున్నరకే గేటు లైట్లు వెలుగుతాయి, ముగ్గులు మొదలవుతాయి. సంవత్సరంలో మిగతా నెలల్లో లేని రెండు గంటలు అక్కడ కలుస్తాయి.

అదే సమయంలో చలికాలం ఒక మేలు కూడా చేస్తుంది. చాలామంది వాడుకోరు. వేసవిలో మధ్యాహ్నం సూర్యుడు మనకు నడినెత్తిన, కాస్త ఉత్తరానికే ఉంటాడు. డిసెంబరులో దక్షిణం వైపు వంగి నడుస్తాడు. అందుకని దక్షిణం కిటికీలోంచి ఎండ గది లోపలికి వచ్చేది ఈ నెలల్లోనే. వేసవిలో వేసిన మందపాటి కర్టెన్లు చాలా ఇళ్లలో అలాగే ఉండిపోతాయి. ఆ వైపు కర్టెన్ తీసేయండి, లేదా పల్చటి తెల్లది వేయండి. మీ అత్తగారి మంచం కిటికీ పక్కకు జరిపితే ఐదింటి దాకా లైటు అవసరం ఉండదు. ఒంటికి ఆ కాస్త ఎండ కూడా తగులుతుంది.

సంక్రాంతి ముందు ఎలాగూ సున్నాలు కొట్టిస్తారు. లోపలి గోడలకు ముదురు రంగులు వద్దు. తెల్లటి గోడ తన మీద పడిన వెలుతురులో నాలుగింట మూడు వంతుల దాకా తిరిగి ఇస్తుంది, ముదురు నీలమో మెరూనో మింగేస్తుంది. ఒకే బ్యాటన్ రెండు గదుల్లో పెట్టి చూస్తే ఇవి ఒకే లైట్లా అని అనుమానం వస్తుంది. అప్పుడే లైట్ల మీద దుమ్ము, వంటగది జిడ్డు కూడా తుడిపించండి. మెయిన్ ఆపి, పొడిగుడ్డతో.

ప్యానెళ్లు ఎందుకు వద్దన్నానంటే

ఎల్ఈడీ అంటే ఎన్ని పెట్టినా తక్కువ కరెంటే అనే నమ్మకం ఒకటి వచ్చేసింది. రెండేళ్ల కిందట పద్మావతీపురం వైపు ఒక ఇంట్లో హాలుకు ఫాల్స్ సీలింగ్ చేయించి 12 వాట్ల ప్యానెళ్లు 16, చుట్టూ స్ట్రిప్ లైటు పెట్టించారు. లైట్లు మార్చాక బిల్లు పెరిగిందని నన్ను పిలిచారు. లెక్క వేస్తే ప్యానెళ్లే 192 వాట్లు, స్ట్రిప్ ఇంకో 40. ముందు అదే హాల్లో రెండు ట్యూబ్‌లైట్లు కలిపి 104 వాట్లు. పైగా పదహారూ ఒకే స్విచ్ మీద ఉన్నాయి. టీవీ చూడాలన్నా, ఒకరు కూర్చుని కూరగాయలు తరగాలన్నా అన్నీ వెలగాల్సిందే. నేను వాటిని నాలుగు స్విచ్‌ల మీదకు విడగొట్టాను. ఇప్పుడు మామూలు రోజుల్లో నాలుగు ప్యానెళ్లే వేస్తున్నారు, చుట్టాలు వస్తే మిగతావి.

కాబట్టి మీరు ఎప్పుడైనా సీలింగ్ చేయించుకున్నా సరే, స్విచ్‌లు విడివిడిగా అడగండి. ఇప్పుడు మాత్రం దాని కోసం గోడలు తవ్వించుకోకండి.

పాత పట్టీ ఉంచి అందులోనే ఎల్ఈడీ ట్యూబు పెట్టుకోవచ్చా అని కూడా కొందరు అడుగుతారు. పెట్టుకోవచ్చు, కానీ స్టార్టర్ తీసి, చోక్‌ను లైన్‌లోంచి తప్పించి వైర్లు మళ్లీ కలపాలి. చోక్ ఉంచేస్తే అది కొంత కరెంటు తింటూనే ఉంటుంది, కొన్ని ట్యూబులు మిణుకుతాయి కూడా. అలా మార్చిన పట్టీలో రేపు ఎవరైనా తెలియక మామూలు ట్యూబు పెడితే ప్రమాదం. ఇరవై ఏళ్ల పట్టీ చివర్లలో హోల్డర్లు ఎలాగూ వదులైపోయి ఉంటాయి. కొత్త బ్యాటన్ రెండున్నర వందలకు వస్తున్నప్పుడు నేను పాత పట్టీ తీసేయమనే చెబుతాను.

తెల్లదా, పసుపుదా

డబ్బా మీద వెలుతురు రంగు కెల్విన్లలో రాసి ఉంటుంది. 6500 అంటే నీలం కలిసిన తెలుపు, 4000 అంటే నీలానికీ పసుపుకీ మధ్యస్థంగా ఉండే తెలుపు, 3000 లేదా 2700 అంటే పాత బల్బు పసుపు. మన ఊళ్లో షాపులో ఏమీ అడగకపోతే 6500 చేతిలో పెడతారు. కరెంటు లెక్కలో వీటి మధ్య పెద్ద తేడా లేదు. ఎక్కడ ఏం పని చేస్తారన్నదే ముఖ్యం.

వంటగదికి, హాలుకు 4000 పెట్టండి. దొరక్కపోతే 6500 ఫర్వాలేదు. అత్తగారి గదికి 3000. రాత్రిపూట నీలం ఎక్కువున్న వెలుతురు నిద్రను వెనక్కి నెడుతుంది, పెద్దవాళ్లకు అసలే నిద్ర తక్కువ. గేటుకు కూడా 3000 పెట్టండి. దీనికి మన ఊరి కారణం ఒకటుంది. అక్టోబరు, నవంబరు వానలకు ఉసుళ్లు లేస్తాయి కదా, అవి తెల్ల లైటుకు ముసిరినంతగా పసుపు లైటుకు ముసరవు. పొద్దున్నే ముగ్గు వేసేచోట రెక్కల గుట్టలు ఊడ్చుకునే పని తగ్గుతుంది.

అబ్బాయి విషయం కాస్త శ్రద్ధగా చూడండి. పబ్లిక్ పరీక్షలు మార్చిలో ఉంటాయి, అంటే చదువంతా ఈ చలి రోజుల్లో, తెల్లవారుజామునే. ఎక్కువ ఇళ్లలో నేను చూసే పొరపాటు ఏమిటంటే గది మధ్యలో ట్యూబ్‌లైటు ఉంటుంది, పిల్లవాడు గోడ వైపు తిరిగి కూర్చుంటాడు, తన నీడే పుస్తకం మీద పడుతుంది. వెలుతురు చాలడం లేదని ఇంకో ట్యూబ్‌లైటు పెట్టిస్తారు, నీడ మాత్రం అలాగే ఉంటుంది. 7 లేదా 9 వాట్ల టేబుల్ ల్యాంపు, 4000 కెల్విన్‌ది కొనండి. కుడిచేత్తో రాసేవాడైతే ఎడమ పక్కన పెట్టండి. గది చీకటిగా ఉంచి టేబుల్ ల్యాంపు ఒక్కటే వేయొద్దు, కళ్లు అలసిపోతాయి. గదిలో ఏదో ఒక చిన్న లైటు ఉండాలి. ఆ రెండూ కలిపినా పాత ట్యూబ్‌లైటులో సగం కరెంటు కాదు, పుస్తకం మీద వెలుతురు మాత్రం అంతకంటే చాలా ఎక్కువ.

కొనేటప్పుడు చూడాల్సినవి

వాట్లు చూసి కొనడం మానేసి ల్యూమెన్లు చూడండి. వాట్లు అంటే కాలేది, ల్యూమెన్లు అంటే వచ్చే వెలుతురు. పాత 60 వాట్ల బల్బు 700 ల్యూమెన్ల చుట్టూ ఇచ్చేది. 9 వాట్ల ఎల్ఈడీ 800 నుంచి 900 ఇవ్వాలి. 20 వాట్ల బ్యాటన్ 2000 ఇవ్వాలి. డబ్బా మీద ల్యూమెన్లు రాయలేదంటే ఆ బల్బు నాకు వద్దు. బల్బు డబ్బా మీద బీఈఈ (కరెంటు పొదుపుకు రేటింగ్ ఇచ్చే కేంద్ర సంస్థ) నక్షత్రాల గుర్తు, బీఐఎస్ (నాణ్యతా ప్రమాణాల సంస్థ) రిజిస్ట్రేషన్ గుర్తు రెండూ ఉన్నాయో లేదో చూడండి. సీఆర్ఐ 80కి తగ్గకూడదు. అది తక్కువైతే కూరగాయ రంగు, చీర రంగు ఉన్నట్టు కనబడవు.

ఇంకో పరీక్ష షాపులోనే చేయొచ్చు. బల్బు వేయించి ఫోన్ కెమెరా స్లో మోషన్‌లో పెట్టి చూడండి. తెర మీద నల్లటి చారలు బలంగా పరుగెడుతుంటే దాని లోపలి డ్రైవర్ (కరెంటును ఎల్ఈడీకి తగ్గట్టు మార్చే చిన్న సర్క్యూట్) నాసిరకం. కంటికి కనబడకపోయినా ఆ మిణుకు కొందరికి తలనొప్పి తెస్తుంది. చదువుకునే టేబుల్ దగ్గర అలాంటిది అస్సలు పెట్టొద్దు.

ఎల్ఈడీ చిప్పు అంత త్వరగా చావదు. చచ్చేది ఎక్కువగా డ్రైవరే. దాన్ని చంపేవి రెండు, వేడి, ఓల్టేజీ. చలికాలంలో వేడి సంగతి కొంత నయం. మూసేసిన గాజు బుడ్డీలో బల్బు పెడితే మాత్రం ఏ కాలంలోనైనా ఉడికిపోతుంది. ఓల్టేజీ సంగతి అలా కాదు. 2021 నవంబరులో తిరుపతి మునిగిన రోజులు మీకూ గుర్తుండే ఉంటాయి. ఆ వానల తర్వాత వరసగా వారం రోజులు నాకు కాలిపోయిన లైట్ల పనే. మా పక్క వీధిలో స్తంభం మీద న్యూట్రల్ (కరెంటు తిరిగి వెళ్లే వైరు) తెగితే తొమ్మిది ఇళ్లలో ఓల్టేజీ ఒక్కసారిగా పెరిగి ఎల్ఈడీలు, సెట్‌టాప్ బాక్సులు అన్నీ పోయాయి. న్యూట్రల్ తెగినప్పుడు ఆదుకోకపోయినా, క్షణకాలం దూసుకొచ్చే ఓల్టేజీని (సర్జ్) తట్టుకోవడానికి బయట పెట్టే బల్బుకు 4 కిలోవోల్టుల సర్జ్ రక్షణ అని రాసి ఉన్నది తీసుకోమంటాను. మీ ఇంటి ఎర్తింగ్ ఇరవై ఏళ్ల కిందటిదైతే ఒకసారి చూపించండి.

బిల్లు తప్పక తీసుకోండి. బిగించే ముందు బల్బు అడుగున మార్కర్‌తో తేదీ రాయండి. వారంటీ సాధారణంగా ఒకటి రెండేళ్లు ఉంటుంది, కానీ ఎప్పుడు కొన్నామో గుర్తులేక ఎవరూ వెనక్కి తీసుకెళ్లరు. నేను బిగించే ప్రతి బల్బు మీదా నెల, సంవత్సరం రాస్తాను.

2015లో ఉజాలా పథకం మొదలైనప్పుడు తీసుకున్న బల్బులు ఇప్పటికీ వెలుగుతున్న ఇళ్లు ఉన్నాయి. మీ ఇంట్లో ఏ మూలనైనా అలాంటిది ఉంటే దాని వెలుతురు కొత్తదానితో పోల్చి చూడండి. ఎల్ఈడీ ఫిలమెంటు బల్బులా టప్పున ఆరిపోదు, కొద్దికొద్దిగా మసకబారుతుంది. రోజూ చూసే మనకు తెలియదు. స్టోర్ రూముకు అది చాలు, వంటగదికి చాలదు.

స్విచ్ ఆపినా బల్బు మసకగా వెలుగుతుంటే

ఎల్ఈడీలు పెట్టిన మొదటి రాత్రే మీ పాత వైరింగ్‌లో ఇది కనబడవచ్చు, కాబట్టి ముందే చెబుతున్నాను. కారణం స్విచ్‌లో ఉన్న ఇండికేటర్ లైటు కావచ్చు, దాంతో పెద్ద ఇబ్బంది లేదు. కానీ చాలా పాత ఇళ్లలో అసలు కారణం వేరు. స్విచ్ ఫేజ్ (కరెంటు వచ్చే వైరు) మీద కాకుండా న్యూట్రల్ మీద వేసి ఉంటారు. ఫిలమెంటు బల్బు ఉన్నన్నాళ్లూ ఇది బయటపడదు. అలాంటి చోట స్విచ్ ఆపినా హోల్డర్ దాకా కరెంటు ఉంటుంది. బల్బు మార్చేటప్పుడు వేలు తగిలితే షాక్ కొడుతుంది. మసకగా వెలిగే బల్బును నిర్లక్ష్యం చేయకండి, టెస్టర్ పెట్టించి వైర్లు సరిచేయించండి. అరగంట పని. అప్పటిదాకా మెయిన్ ఆపకుండా ఆ హోల్డర్ ముట్టుకోవద్దు.

పొదుపు చేయకూడని చోట

తిరుచానూరులో నాకు తెలిసిన ఒక పెద్దావిడ ఉంది, డెబ్బై దాటిన మనిషి. మూడేళ్ల కిందట ధనుర్మాసంలో, వాన పడి తడిసిన మెట్ల మీద ముగ్గు డబ్బా పట్టుకుని దిగుతూ జారి తుంటి ఎముక విరగ్గొట్టుకుంది. బయట లైటు ఉంది. కరెంటు వృథా అని వేయలేదు. ఆ లైటు బిగించింది నేనే, ఆ మాట విన్నప్పుడు నాకు చాలా బాధ వేసింది. తర్వాత లెక్క వేసి చూశాను. 9 వాట్ల బల్బు రోజుకు రెండు గంటల చొప్పున నెలంతా వెలిగినా అర యూనిట్ పైన కొద్దిగా. మూడు రూపాయలు. ఆ లెక్క ఆమెకు ముందే ఎవరైనా చెప్పి ఉండాల్సింది, నేనైనా చెప్పి ఉండాల్సింది. అప్పటి నుంచి పెద్దవాళ్లున్న ఏ ఇంట్లో పని చేసినా ముందు ఈ లెక్కే చెబుతున్నాను.

వయసుతో పాటు కంటిలోకి వెళ్లే వెలుతురు తగ్గుతుంది, కంటిపాప చిన్నదవుతుంది, లోపలి కటకం పసుపెక్కుతుంది. మీకు చాలిన వెలుతురు మీ అత్తగారికి చాలదు. ఆమె మంచం నుంచి బాత్రూం దాకా దారిలో మోకాలి ఎత్తున రెండు చిన్న సెన్సర్ లైట్లు పెట్టించండి. మనిషి కదిలితే వెలుగుతాయి, అర నిమిషం తర్వాత ఆరిపోతాయి. రాత్రి లేచినప్పుడు స్విచ్ కోసం గోడ తడుముకోనక్కర్లేదు. బాత్రూంలో గడప దగ్గర నీడ పడకుండా లైటు తలుపు పైన కాకుండా ఎదురుగోడ మీద ఉంటే మేలు. మెట్ల లైటుకు కింద ఒకటి, పైన ఒకటి రెండు స్విచ్‌లు ఉండాలి.

కార్తీకంలో ఇంకో జాగ్రత్త. ఇనుప గ్రిల్లుకు, తడి గోడకు సీరియల్ సెట్లు చుట్టేస్తారు. పల్చటి వైరు, మధ్యలో అతుకులు, పైన వాన. ఎల్ఈడీ సెట్టు కరెంటు తక్కువే తింటుంది కానీ షాక్ కొట్టే విషయంలో అది కూడా 230 వోల్టుల వైరే. గ్రిల్లుకు తగలకుండా కట్టండి, పడుకునే ముందు ప్లగ్గు తీసేయండి.

లైట్ల మీద మరీ ఎక్కువ ఆశ పెట్టుకోవద్దు

ఇది చెప్పకపోతే నా సమాధానం సగమే అవుతుంది. చలికాలంలో ఫ్యాన్లు, ఏసీ ఆగిపోతాయి కాబట్టి బిల్లు దానంతట అదే తగ్గాలి. 75 వాట్ల ఫ్యాను రోజుకు 12 గంటలు ఆగితే నెలకు 27 యూనిట్లు తగ్గినట్టే. అయినా మీ బిల్లు తగ్గడం లేదంటే కారణం గీజరు. పదిహేను లీటర్ల నీళ్లు ఒక్కసారి బాగా కాగడానికి అర యూనిట్ పైగా పడుతుంది. రెండు కిలోవాట్ల గీజరుకు అది పదహారు నిమిషాల పని. రోజుకు రెండు ట్యాంకులంటే నెలకు 31 యూనిట్లు, అంటే లైట్లు మార్చి మీరు మిగిల్చేది దాదాపు మొత్తం. కాగాక ఆపకుండా వదిలేస్తే ఇంకా ఎక్కువ. ఒకరి వెంట ఒకరు స్నానం చేసేలా చూసుకోండి, స్విచ్ వేసిన ఇరవై నిమిషాలకు ఆపేయండి.

మీ చేతిలో ఇప్పుడు మొత్తం డబ్బు లేకపోతే నేను చెప్పే వరస ఇది. ఈ రోజే జీరో బల్బులు, గేటు బల్బు. అవి మీరే మార్చుకోవచ్చు, రెండు వందల్లో అయిపోతుంది. తర్వాత హాలు ట్యూబ్‌లైటు, ఆ తర్వాత అబ్బాయి గది, వంటగది. అత్తగారి గది మూడు గంటలే వెలుగుతుంది కాబట్టి కరెంటు లెక్కలో చివరిదే. కానీ ఆ దారిలో సెన్సర్ లైట్లు మాత్రం హాలు కంటే ముందు పెట్టించండి. బ్యాటన్లు బిగించే రోజు ఎలక్ట్రీషియన్ చేత న్యూట్రల్ సంగతి, ఎర్తింగ్ కూడా చూపించేయండి, మళ్లీ పిలిచే పని ఉండదు.

తీసేసిన ట్యూబ్‌లైట్లు పగలగొట్టకండి, పిల్లల చేతికి ఇవ్వకండి. వాటిలో కొద్దిగా పాదరసం ఉంటుంది. పాత సీఎఫ్‌ఎల్‌లు ఉన్నా అంతే. కాగితంలో చుట్టి, చెత్త బండి వచ్చినప్పుడు తడి చెత్తలో కలపకుండా విడిగా, ఏముందో చెప్పి ఇవ్వండి. చోక్‌లో రాగి ఉంటుంది, పాత సామాన్ల వాళ్లు డబ్బిచ్చి తీసుకుంటారు.

మార్చే ముందు మీటరు మిణుకులు ఒకసారి లెక్కపెట్టి రాసి ఉంచుకోండి, మార్చాక మళ్లీ లెక్కపెట్టండి. నేను చెప్పిన దానికీ మీకు వచ్చిన దానికీ బాగా తేడా ఉంటే మీటరు మీద రాసిన అంకె, మీరు లెక్కపెట్టిన సెకన్లు రెండూ నాకు రాయండి, ఎక్కడ పోతోందో చూసి చెబుతాను.